బోర్డు మీది పేరుకు బిల్లెంత?

శ్రీశైలంలో అడుగుపెట్టినవాడు ఆకలితో తిరిగి వెళ్లడం కష్టం. దేవస్థానం అన్నప్రసాదం ఒకవైపు, కరివేన వారి నిత్యాన్నదాన సత్రం ఒకవైపు, కులానికొకటి చొప్పున వెలిసిన రెడ్డి, కమ్మ, వెలమ, ఆర్యవైశ్య సత్రాలు మరోవైపు. ఉగాదికి కన్నడసీమ నుంచి కాలినడకన వచ్చే భక్తులకు వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను దారి పొడవునా నల్లమల అడవిలోనే దాతలు మజ్జిగ పోస్తారు, అన్నం పెడతారు. ఆ పంక్తిలో కూర్చున్నవాడు సాంబారు పలచనైందని గొణగడు, అన్నం మెత్తబడిందని మొహం చిట్లించడు. తిని, ఆకు మడిచి, పెట్టిన చేతికి దండం పెట్టి లేస్తాడు. అన్నాన్ని నిందించకూడదన్నది తైత్తిరీయోపనిషత్తు వ్రతంగా చెప్పిన మాట. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడు అనేది మనకు తిట్టు. ఈ సంస్కారంలో పెరిగిన తెలుగువాడు ఏ సినిమా తారదో, టీవీ వంటల స్టారుదో హోటలును ఎవరో చీల్చి చెండాడిన సమీక్ష చదివితే లోపల నవ్వుకుంటాడు, పైకి మాత్రం 'పాపం, తిండి గురించి అంత మాట అనాలా?' అంటాడు. అనాలనే నా వాదన. ఎప్పుడు అనాలి, ఎవరిని అనాలి అన్నదాంట్లోనే చిక్కంతా ఉంది.

సత్రంలో ఆ మర్యాద నిలబడేది అక్కడ బిల్లు లేదు గనక. పెట్టేవాడు పుణ్యానికి పెడుతున్నాడు, తినేవాడు కృతజ్ఞతతో తింటున్నాడు. హోటల్లో మనం అతిథులం కాము, కొనుగోలుదారులం. మెనూ కార్డులో ధర వేసిన క్షణం నుంచే దానధర్మం పోయి బేరం వచ్చింది. బోర్డు మీద ఒక ప్రసిద్ధుడి పేరుంటే ఆ బేరంలో ఇంకో వస్తువు కూడా అమ్ముడవుతుంది. అది ఆ పేరే. పప్పుకీ, నెయ్యికీ, గది అద్దెకీ, ఏసీకీ పోను బిల్లులో మిగిలే సొమ్ములో కొంత ఆ పేరుకు కడుతున్నాం. మన దగ్గర ఆ పేరు వంటవాడిది కావడం కన్నా సినిమా హీరోది కావడమే ఎక్కువ. వంటవాళ్లను తారలుగా చూడటం మనకు కొంచెం కొత్త. 2021లో జెమిని టీవీలో తమన్నాను పెట్టి 'మాస్టర్ చెఫ్' తెలుగులో నడిపినప్పుడు కూడా జనాన్ని టీవీ ముందుకు లాగింది ఎక్కువగా తమన్నాయే అయ్యుండాలి. దేశం మొత్తం మీద చూస్తే 1993లో జీ టీవీలో 'ఖానా ఖజానా'తో ఇంటింటికీ వెళ్లిన సంజీవ్ కపూర్ తన పేరుతో హోటళ్ల ఫ్రాంచైజీలే ఇచ్చారు. ఫ్రాంచైజీ అంటేనే ఆ మనిషి ఆ వంటింట్లో ఉండడని అర్థం. అందులో మోసమేమీ లేదు, అదొక వ్యాపార పద్ధతి. కాకపోతే మనిషి లేని చోట పేరు పెట్టి సొమ్ము తీసుకున్నాక, ఆ పేరు మీద పడే మాటకు కూడా ఆ మనిషే జవాబుదారీ. లాభం వచ్చినప్పుడు పేరు నాది, విమర్శ వచ్చినప్పుడు వంటవాడిది అంటే కుదరదు.

చట్టం కూడా దాదాపు ఇదే చెబుతుంది. భారతీయ శిక్షాస్మృతిలో పరువునష్టానికి సంబంధించిన 499వ సెక్షనుకు పది మినహాయింపులున్నాయి. 2024 జూలై 1 నుంచి అవి భారతీయ న్యాయసంహిత 356వ సెక్షనులోకి వచ్చాయి. అందులో ఆరోది, తన కృతిని ప్రజల తీర్పుకు పెట్టినవాడి కృతి బాగోగుల మీద సద్భావంతో చెప్పే అభిప్రాయం నేరం కాదంటుంది. పుస్తకం అచ్చువేసినవాడు, వేదికెక్కి పాడినవాడు, నటించినవాడు ఆ కోవలోకి వస్తారని ఉదాహరణలిచ్చింది. వాటిలో ఒకటి భలే గడుసుది. ఒకడి పుస్తకం తెలివితక్కువగా ఉంది, కాబట్టి వాడు తెలివితక్కువవాడై ఉండాలి అంటే తప్పు లేదట. వాడు తెలివితక్కువవాడని నాకు ముందే తెలుసు, పుస్తకం అలా ఉండటంలో ఆశ్చర్యమేముంది అంటే మాత్రం మినహాయింపు వర్తించదట. హోటలు సమీక్షకు ఇంతకు మించిన కొలత ఎవరూ తయారు చేయలేరు. పళ్లెం నుంచి మనిషి దాకా వెళ్లొచ్చు, మనిషి మీది కోపంతో పళ్లెం దాకా రాకూడదు. హీరో మీద అభిమానుల తగాదాను హోటలు రేటింగుల్లో తీర్చుకునేవాళ్లు ఈ గీతకు అవతల ఉన్నారు. వాళ్ల ఒక్క నక్షత్రానికీ, ఎదుటి పక్షం ఐదు నక్షత్రాలకీ తేడా లేదు. రెండూ భోజనం గురించి కావు.

గీతకు ఇవతల ఎంత కఠినంగా ఉండొచ్చో చూడాలంటే న్యూయార్క్ వెళ్లాలి. అమెరికా టీవీలో పసుపుపచ్చ జుట్టుతో ఊరూరా తిరిగి తిండి చూపించే గై ఫియెరీ 2012లో టైమ్స్ స్క్వేర్‌లో దాదాపు ఐదువందల సీట్ల హోటలు తెరిచాడు. ఆ నవంబరులో న్యూయార్క్ టైమ్స్ విమర్శకుడు పీట్ వెల్స్ రాసిన సమీక్ష మొత్తం ప్రశ్నలే. యజమానిని నిలబెట్టి, మీరు మీ హోటల్లో ఎప్పుడైనా తిన్నారా అని మొదలుపెట్టి ఒక్కో వంటకం మీద ఒక్కో ప్రశ్న. ప్రపంచమంతా పంచుకుని నవ్వుకున్నారు. సామాన్యుడి తిండి మీద పైతరగతి పెద్దమనిషి వెటకారం అని కొందరు అన్నారు, ఫియెరీ టీవీకి వచ్చి ఇది ముందే వేసుకున్న పథకం అన్నాడు. ఈ రెండు ఆరోపణలూ నిలబడవనే నేననుకుంటాను. అప్పట్లో ఆ పత్రిక విమర్శకులు తమ పేరు బయటపెట్టకుండా వెళ్లేవారు, ఒక్కసారితో సరిపెట్టుకునేవారు కాదు, బిల్లు పత్రికే కట్టేది. 2016లో అదే వెల్స్, థామస్ కెల్లర్ నడిపే 'పర్ సే' అనే మహా ఖరీదైన హోటలుకు నాలుగు నక్షత్రాలను రెండుకు దించాడు. బర్గరు అమ్మేవాడికీ, తొమ్మిది రకాల వంటకాలు వరసగా వడ్డించేవాడికీ ఒకే తూకం వేశాడంటే ఆ వెటకారం తరగతిది కాదు, తిండిదే. పైగా ఆ ప్రశ్నల్లో ప్రతిదానికీ ఒక పదార్థం పేరుంది. వడ్డనలో జరిగిన పొరపాటుంది. నవ్వు తీసేసినా ఫిర్యాదు మిగులుతుంది. నా దృష్టిలో న్యాయమైన కఠినత్వానికి గుర్తు అదే.

ఇప్పుడు మన వైపు తిరిగితే, తెలుగులో అందరికన్నా కఠినంగా తిండి సమీక్షలు రాసినవాడు ఏ యూట్యూబరో కాదు, శ్రీనాథుడు. కొండవీటిలో పెదకోమటి వేమారెడ్డి దగ్గర విద్యాధికారిగా వెలిగినవాడు, శ్రీశైలం భిక్షావృత్తి మఠం యతి కోరితే 'శివరాత్రి మాహాత్మ్యం' చెప్పినవాడు. కవిసార్వభౌముడు. ఆ కాలానికి అంతకన్నా పెద్ద సెలబ్రిటీ లేడు. రాజుల పంక్తిలో భోజనం చేసి అలవాటైన ఆ నోటికి పల్నాడులో జొన్నకూడు ఎదురైంది. ఆయన పేరున చెలామణి అవుతున్న చాటువుల్లో ఆ సీమ రాళ్లూ, నీళ్లూ, సజ్జా, జొన్నా, తేళ్లూ అన్నీ ఒకే వరసలో నిలబడి తిట్లు తిన్నాయి. కార్చిచ్చునే మింగిన కృష్ణుణ్ణి పిలిచి, చింతచిగురు వేసిన బచ్చలికూరతో ఒక్క జొన్నముద్ద మింగి చూపించమని సవాలు చేసిన పద్యమైతే బడిపిల్లలకు కూడా తెలుసు. చమత్కారంలో పీట్ వెల్స్ ఆయన కాలిగోటికి సరిపోడు. కానీ న్యాయమా అని అడిగితే కాదనే చెప్పాలి. జొన్నకూడు పెట్టిన ఆ ఇల్లాలు ఏ రుచినీ వాగ్దానం చేయలేదు, ఏ పేరునూ అమ్ముకోలేదు. వాన రాని నేలలో పండింది వండింది. అక్కడ శ్రీనాథుడు సమీక్షించింది వంటను కాదు, కరువును. ఆ బలవంతుడు విసిరిన రాయి బలహీనుడి కంచంలో పడింది. పద్యం బాగుండటం వల్ల మనం ఆరు శతాబ్దాలుగా ఆ అన్యాయాన్ని కూడా ముచ్చటగా వల్లెవేస్తున్నాం. ఆఖరి రోజుల్లో బొడ్డుపల్లెలో గుత్త సేద్యం చేసి, పంట ఏటిపాలు, పిట్టలపాలు అయి, పన్ను ఎలా కట్టాలని ఆయనే ఏడ్చినట్టు ఇంకో చాటువు చెబుతుంది. అదెంతవరకు నిజమో గానీ, ఈ రెండు పద్యాలనూ పక్కపక్కనే చదివించడం మంచిది.

ఆ జొన్నలకూ, వాటితోపాటు రాగులకూ తర్వాత పట్టిన దశ చూడండి. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చాక రాయలసీమ ఇళ్లలో వరి అన్నం రోజువారీ తిండి అయింది. రాగి సంగటి వెనక్కి తగ్గింది. 2023ను ఐక్యరాజ్యసమితి భారతదేశం ప్రతిపాదన మీద చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించే నాటికి అదే సంగటి హైదరాబాదులోనూ బెంగళూరులోనూ 'రాయలసీమ రుచులు' అనే బోర్డు కింద, నాటుకోడి పులుసు పక్కన, రాగి గిన్నెలో కూర్చుంది. కరువుకాలపు తిండి ఇప్పుడు ప్రత్యేక వంటకం. ఇక్కడ సమీక్షకుడి బాధ్యత రెండింతలవుతుంది. ఎందుకంటే ఇప్పుడు తప్పు రెండు వైపులా జరగొచ్చు.

సంగటి సంగతే తీసుకుందాం. బియ్యపు నూక ఎసట్లో మెత్తగా ఉడికాక మధ్యలో రాగిపిండి కుప్పగా పోసి, కదపకుండా మూతపెట్టి, పిండి ఆవిరికి మగ్గేదాకా ఆగాలి. ఆ తర్వాత తెడ్డుతో ఉండ కట్టకుండా కెలకాలి. చెయ్యి నొప్పి పుట్టించే పని అది. చేతికి నీళ్లు తడుపుకుని ముద్ద చేస్తారు. చాలా ఇళ్లలో అందులో ఉప్పు వేయరు. తినేటప్పుడు ముద్దలో వేలితో గుంట చేసి పులుసు పోసుకునో, చెనిక్కాయల ఊరిబిండి అద్దుకునో, పెద్దగా నమలకుండా మింగుతారు. ఇది తెలియని సమీక్షకుడు 'చప్పగా ఉంది, జిగటగా ఉంది, చేతికి అంటుకుంటోంది' అని రాస్తే అది శ్రీనాథుడి తప్పే, పద్యం మాత్రం లేదు. అన్నం తెల్లగా ఉందని ఫిర్యాదు చేయడం లాంటిది. ఇది తెలిసినవాడు అదే హోటలును ఉతికి ఆరేయొచ్చు. పొద్దున కెలికిన ముద్దను ఫ్రిజ్‌లో పెట్టి రాత్రి వేడిచేసి ఇస్తే పైన తోలు కట్టి పగుళ్లిస్తుంది. మగ్గకముందే కెలికితే లోపల పచ్చిపిండి వాసన వస్తుంది. సీమ మనిషికి ఇవి మొదటి ముద్దకే తెలిసిపోతాయి. కర్నూలు ఉగ్గానిదీ అదే తీరు. తడిపి పిండిన బొరుగులను తాలింపులో కలిపిన వెంటనే వడ్డించాలి, పక్కన మిరపకాయ బజ్జీ అప్పుడే నూనెలోంచి తీసిందై ఉండాలి. రోడ్డు పక్క బండివాడు ఈ రెండూ తప్పకుండా చేస్తాడు. పేరున్న హోటలు అలంకరణ పూర్తయ్యేలోపు బొరుగులు ముద్దయిపోతే, బండి కన్నా పది రెట్లు ధర వేసినందుకు పది రెట్లు మాట పడాల్సిందే. ఆ మాటలో కోపం ఉంటే ఉండనివ్వండి. మా వంటను మీరు మాకే పాడుచేసి అమ్ముతున్నారన్న కోపానికి కారణముంది.

రుచులు మనిషికొక తీరుగా ఉంటాయి కదా, ఒకరి నాలుకను తీర్పరిగా పెట్టడమేమిటి అనేవారున్నారు. నిజమే, కారం ఎంత ఉండాలన్నదాని మీద కడప మనిషికీ గోదావరి మనిషికీ ఎప్పటికీ రాజీ కుదరదు. కానీ మంచి సమీక్షలో ముప్పావు వంతు నాలుకతో పనిలేనిదే. పళ్లెం చల్లగా వచ్చిందా, నూనె కంపు కొడుతోందా, మెనూలో రాసింది పళ్లెంలో ఉందా, ధరకు తగ్గ పరిమాణముందా, చెప్పిన కూర ఎంతసేపటికి వచ్చింది. ఇవన్నీ పక్క టేబులువాడు కూడా సాక్ష్యం చెప్పగల విషయాలు. 2024లో తెలంగాణ ఆహారభద్రతా అధికారులు హైదరాబాదులో పేరుమోసిన హోటళ్ల వంటిళ్లలోకి వెళ్లి, గడువు దాటిన సరుకులూ మురికీ చూసి, ఎక్స్‌లో ఒక్కొక్కటిగా వివరాలు పెట్టారు. ఏ సమీక్షకుడూ అంత పొడిగా, అంత కఠినంగా రాయలేదు. విశేషణం ఒక్కటి లేదు. జనం మాత్రం వణికిపోయారు. మిగిలిన పావు వంతు నాలుకదే, దాన్ని ఎవరూ దాచక్కర్లేదు. నేను గోదావరి వాణ్ణి, నాకీ కారం ఎక్కువైంది అని సమీక్షకుడు ఒక్క మాట ముందే చెప్పుకుంటే చదివేవాడు తన లెక్క తాను వేసుకుంటాడు.

అసలు బరువైన ఆక్షేపణ ఇది కాదు. పేరు హీరోది, దెబ్బ మాత్రం గిన్నెలు కడిగేవాడికి అన్నది. సమీక్ష చదివి జనం రాకపోతే హీరోకి ఇంకో సినిమా ఉంటుంది, వంటమనిషికి నెల జీతం పోతుంది. మాట ప్రాణం మీదికి కూడా తెస్తుంది. ఫ్రాన్స్‌లో బెర్నార్ లువాజో అనే మహా వంటగాడు 2003 ఫిబ్రవరిలో ఆత్మహత్య చేసుకున్నాడు. దానికి కొద్దిముందే 'గోమియో' గైడు ఆయన హోటలు మార్కులను 19 నుంచి 17కు తగ్గించింది. మిషెలిన్ మూడో నక్షత్రం కూడా పోతుందని పుకార్లొచ్చాయి. నిజానికి పోలేదు. అప్పులూ, కుంగుబాటూ కూడా ఆయనకు ఉన్నాయి గనక ఒక్క గైడు మీదే నేరం మోపలేం. అయినా రాసేవాడు ఈ కథ తెలిసే రాయాలి. దీన్ని తేలిగ్గా కొట్టిపారేసే సమాధానం నా దగ్గర లేదు. రెండు మాటలు మాత్రం చెప్పగలను. ఒకటి, కఠిన సమీక్షకు మనం ఊహించేంత బలం లేదు. గై ఫియెరీ హోటలు ఆ సమీక్ష తర్వాత ఐదేళ్లు నడిచి 2017 డిసెంబరు 31న మూతపడింది. పర్ సే ఇప్పటికీ నడుస్తోంది. రెండు, మనం జాలిపడి ఊరుకుంటే ఆ జాలికి డబ్బు కట్టేది ఇంకొకడు. హీరో హోటలుకు వెళ్లే కుటుంబం ఆ రాత్రి కర్నూలులోనో ప్రొద్దుటూరులోనో పేరులేని మెస్సుకు వెళ్లదు. అక్కడా గిన్నెలు కడిగేవాడున్నాడు, వాడికీ జీతం కావాలి. వాడి మెస్సుకు బోర్డు మీద ఎవరి మొహమూ లేదు, వేడివేడి అన్నం తప్ప ప్రచారమూ లేదు. ఇక సమీక్షలో వడ్డించే కుర్రాడి పేరు రాయడం, వాడి యాసను వెక్కిరించడం, ఫొటో పెట్టడం నీచమే. ఆ పనికి ఏ మినహాయింపూ లేదు.

నిజం చెప్పాలంటే తెలుగునాట బాధ కఠినత్వంతో కాదు, తీపితో. హోటలు తెరిచిన వారంలోనే ఫోను స్టాండుతో దిగే రీల్స్ కుర్రాళ్లు, నోట్లో ముద్ద పెట్టకముందే కళ్లు మూసుకుని 'వేరే లెవల్' అనేస్తారు. తిన్నది ఉచితం, పైన ఇంతని ముట్టింది. 2021లో ప్రకటనల ప్రమాణాల మండలి, 2022లోనూ 2023 జనవరిలోనూ కేంద్ర వినియోగదారుల శాఖ డబ్బు తీసుకుని పొగిడితే ఆ మాట స్పష్టంగా చెప్పాలని నియమాలు పెట్టాయి. ఆన్‌లైన్ సమీక్షలకు భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ఏకంగా ఒక ప్రమాణమే తెచ్చింది. వాటిని పాటించేవాళ్లు ఎందరో రీల్స్ చూసేవాళ్లకు తెలుసు. పొగడ్తకు ఇలా ధర కట్టిన బజారులో సొంత డబ్బుతో తిని, బాగాలేదని సంతకం చేసి చెప్పేవాడి మాటకే విలువ మిగిలింది. వాడు కాస్త కటువుగా చెప్పినా సరే, తప్పుడు వివరం రాయనంతవరకు నేను వాడి పక్షమే. తప్పుడు వివరం రాస్తే కోర్టులున్నాయి. సిడ్నీలో 2003లో వచ్చిన ఒక హోటలు సమీక్ష మీద కేసు పదేళ్లు దాటి నడిచి, ఆస్ట్రేలియా హైకోర్టు దాకా వెళ్లి, చివరికి యజమానులకే పరిహారం వచ్చింది.

ఒక్క రకం ప్రసిద్ధులను మాత్రం ఈ లెక్కలోంచి తీసేయాలి. హైదరాబాదు మాదాపూర్‌లో రోడ్డు పక్కన అన్నం అమ్ముకునే కుమారి ఆంటీ తనను సెలబ్రిటీ చేయమని ఎవరినీ అడగలేదు. యూట్యూబ్ కెమెరాలు చేశాయి. జనం పోటెత్తారు, ట్రాఫిక్ ఆగింది, 2024 జనవరిలో పోలీసులు బండి తీయమన్నారు, ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి జోక్యం చేసుకుంటే మళ్లీ పెట్టుకుంది. ఆ మధ్యలో ఆమె బిల్లు చెప్పిన తీరు ఊరూవాడా వెక్కిరింత అయింది. ఆమె అన్నం మీద ఫైవ్‌స్టార్ హోటలుకు వేసే కొలత వేసి చీల్చినవాడు పల్నాటి జొన్నకూటి మీద పద్యం చెప్పినవాడికి వారసుడు. బోర్డు మీద పేరు తనే వేయించుకున్నవాడు వేరు, జనం నెత్తిన పెట్టుకుంటే మోయాల్సి వచ్చినవాడు వేరు. మొదటివాడు మన తీర్పు కోరి వచ్చాడు. రెండోవాడిది ఇంకా బతుకుతెరువే.

కాబట్టి పెద్ద పేరున్న హోటలుకు వెళ్లి, బిల్లు మీరే కట్టి, తిన్నది నచ్చకపోతే మొహమాటపడకుండా రాయండి. ఏ రోజు వెళ్లారో, ఏ వంటకం తిన్నారో, ఎంత తీసుకున్నారో, అందులో తేడా ఏమిటో రాయండి. ఆ వంటకం మీ ఊరిది కాకపోతే ఆ మాట కూడా రాయండి. కుదిరితే ఇంకోసారి వెళ్లి, మరోటి తిని, అప్పుడు రాయండి. వడ్డించిన పిల్లవాడి జోలికి మాత్రం వెళ్లకండి.